తెల్లబద్ద మీద కొసరు

మా అత్తయ్య గిటారు కొనుక్కున్న నాటికి ఆవిడకు అరవై ఏడేళ్ళు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా పనిచేసి రిటైరైన మనిషి. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఊరి గొంతులన్నీ చెవిలో మోగుతుండేవనీ, ఇప్పుడు మిక్సీ తప్ప మరేదీ మోగడం లేదనీ, కాబట్టి తనకంటూ మోగే వస్తువొకటి కావాలనీ ఆవిడ చెప్పిన కారణం. ఫోనులో తగ్గింపు ధర చూసి, మాలో ఎవరినీ అడగకుండా తెప్పించుకున్నారు. అంత పెద్ద అట్టపెట్టె వస్తే అందులో ఫ్యాను ఉందనుకుని మా ఆయన గది మధ్యలో స్టూలు వేసి సిద్ధంగా నిలబడ్డారు.

మా ఇల్లు జగ్గయ్యపేటలో. నేను ఫిజిక్స్ పాఠం చెప్పేది నందిగామలో, ఒక జూనియర్ కాలేజీలో. నా పుట్టిల్లు కూడా నందిగామే. అంటే వారానికి ఆరు రోజులు అత్తగారి ఊరు నుంచి అమ్మ ఊరికి బస్సులో వెళ్ళి, సాయంత్రానికి తిరిగి వస్తాను. ఈ దారిలో నేను పుస్తకాల కంటే ఎక్కువగా మోసినవి ఇద్దరు వియ్యపురాళ్ళ మధ్య మాటలు. మోసే ముందు ప్రతి మాటనూ సరిచూసుకోవడం నా అలవాటు. ఎవరైనా "అందరూ అంటున్నారు" అంటే, ఆ అందరూ ఎంతమందో అడుగుతాను. దీనివల్ల మా ఇంట్లో నాకు గౌరవం పెరిగిందనడానికి ఆధారాలు లేవు.

మా అమ్మ వీణ వాయిస్తుంది. చక్కగా వాయిస్తుందని ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్ళు చెబుతారు. వాళ్ళు శిష్యులు కనుక ఆ సాక్ష్యాన్ని నేను పూర్తిగా లెక్కలోకి తీసుకోను గానీ, నా చెవికీ అలాగే తోస్తుంది. అత్తయ్య గిటారు సంగతి తెలిసిన రోజు నుంచి అమ్మ ఒక్కసారి కూడా దాన్ని వాయిద్యం అనలేదు. మామూలుగా "ఆ పెట్టె" అనేది. ఉత్సాహం వచ్చిన రోజున ఇంకో పేరు పెట్టేది.

అమ్మ కొత్త ఫ్లాటులోకి మారాక సత్యనారాయణ వ్రతం పెట్టుకుంది. పిలవడానికి ఫోను చేసింది. అత్తయ్య రెండు చేతులూ గిటారు మీద ఉండటం వల్ల ఫోను స్పీకరులో పెట్టవలసి వచ్చింది. అందువల్ల ఆ సంభాషణకు నేను ప్రత్యక్ష సాక్షిని.

"వచ్చే ఆదివారం తప్పకుండా రావాలి వదినగారూ. ఆ సొరకాయ బుర్ర కూడా పట్టుకురండి, చిన్నపిల్లలొస్తున్నారు, ఆడుకుంటారు," అంది అమ్మ.

"సొరకాయ బుర్ర ఉండేది మీ వీణకండీ వదినగారూ. నాది అచ్చంగా చెక్క," అన్నారు అత్తయ్య.

వీణ మెడ కింద ఉండే బుర్ర సొరకాయదేనన్నది వాస్తవం. అత్తయ్య రెండో వాక్యం మాత్రం నిలబడదు. ఆ గిటారు ప్లైవుడ్డు. ఆ సవరణ చెప్పడానికి నేను నోరు తెరిస్తే ఆవిడ కంటిచూపుతోనే మూయించారు.

తరువాత అమ్మ, శిష్యులకు కొత్త వర్ణం మొదలుపెట్టే గొంతుతో, ఒక షరతు పెట్టింది. వ్రతం చివర మంగళహారతి తను పాడుతుంది. పాట మొదటి నుంచి చివరి దాకా అత్తయ్య మధ్యలో ఎక్కడా ఆగకుండా వెంట వాయించాలి. వాయిస్తే అది వాయిద్యమేనని పదిమందిలో ఒప్పుకుంటుంది. ఆగితే మాత్రం గిటారు అటకెక్కాలి.

"మా అటక నిండిపోయిందండి," అన్నారు అత్తయ్య. "మీ అటక మీద చోటు చూసి ఉంచుకోండి, వీణకి పనికొస్తది."

ఫోను పెట్టేశాక ఆవిడ ముఖంలో ఆ ధీమా లేదు. ఎడమ చేతి వేళ్ళు నా ముందు చాచారు. కొసల మీద తీగల గాట్లు, పెన్నుతో గీసినట్టు సమాంతరంగా ఉన్నాయి. వేడి అన్నం కలుపుకోలేక వారం నుంచి చెంచాతో తింటున్నారని అప్పుడు తెలిసింది. మేమంతా అది గిటారుతో పాటు వచ్చిన పాశ్చాత్య నాగరికత అనుకున్నాం.

ఇబ్బంది ఏమిటో వాయించి చూపించారు. ఆవిడ హారతి పాటను చెవితో పట్టుకుని, వీణ మీద లాగానే ఒకే తీగ మీద మెట్ల వెంట కిందికీ పైకీ నడిపిస్తారు. పల్లవి బాగానే నడిచింది. చరణంలో పాట పై స్థాయికి పోతుంది, అంటే వేలు పన్నెండో మెట్టు దగ్గరికి చేరాలి. అక్కడ తీగ మెట్టుకు ఆనకుండా, బావి మీద గిలక తాడులా, ఎంతో ఎత్తున ఉంది. దాన్ని కింద దాకా నొక్కడానికి అత్తయ్య పాట ఆపి, ఊపిరి బిగబట్టి, ఒక వేలి మీద ఇంకో వేలు వేసి, పళ్ళు కొరికారు. నొక్కాక కూడా తీగ సాగిపోయి, పలకవలసిన స్వరం కాక దాని పక్కింటి స్వరం పలికింది. ప్రతి చరణానికీ ఇదే తంతు.

"వాయిద్యమని ఆవిడ ఒప్పుకోకపోతే పోనీ అమ్మాయ్," అన్నారు. "ఒకసారి అటకెక్కిందంటే మాత్రం మళ్ళీ దింపమని అడగలేను. ఈ వయసులో ఏ మొహం పెట్టుకుని అడుగుతా?"

ఆ మాటలో సరిచూడవలసినది నాకేమీ కనిపించలేదు. ఆదివారానికి ఇంకా ఏడు రోజులున్నాయి.

తీగలు ఎత్తుగా ఉండటానికి అత్తయ్య దగ్గర ఒక సిద్ధాంతం ఉంది: దిష్టి. కిందటి నెల మా అమ్మ వచ్చినప్పుడు గిటారును పైనుంచి కిందికి చూసి "ఎంత నున్నగా ఉందండీ" అన్నదట. ఆ సాయంత్రం నుంచే తీగలు లేచాయట. నేను వాదించలేదు. దిష్టి తీయకముందు ఒకసారి, తీశాక ఒకసారి కొలుద్దామన్నాను. పన్నెండో మెట్టు మీద స్టీలు స్కేలు నిలబెట్టి చూస్తే మెట్టు నుంచి తీగ దాకా మూడున్నర మిల్లీమీటర్లు. అత్తయ్య ఉప్పూ ఎండుమిరపకాయలూ గుప్పిట్లో పట్టుకుని, గిటారును తూర్పు ముఖంగా సోఫాలో కూర్చోబెట్టి, మూడుసార్లు తిప్పి నిప్పుల్లో వేశారు. మళ్ళీ కొలిచాను. మూడున్నర. "దిష్టి దిగడానికి టైము పట్టదా?" అన్నారు. మర్నాడు పొద్దున కూడా మూడున్నరే. ఆ ప్రయోగంలో కొలవదగిన ఫలితం మా ఆయన దగ్గు ఒక్కటే. అది మధ్యాహ్నం దాకా ఉంది.

అప్పుడు అసలు కారణం చూపించాను. గిటారు పొట్ట మీద, తీగలు ముగిసే చోట చెక్కతో చేసిన బ్రిడ్జి ఉంటుంది. దానిలో సన్నని గాడి, ఆ గాడిలో నిలబెట్టిన తెల్లని బద్ద. తీగలన్నీ ఆ బద్ద మీదుగానే పోతాయి. గిటారు బాగుచేసేవాళ్ళు దాన్ని శాడిల్ అంటారు. మా ఇంట్లో తెల్లబద్ద అనే పేరు స్థిరపడింది. బద్ద ఎత్తుగా ఉంటే తీగలు ఎత్తుగా ఉంటాయి. బద్దను బయటికి లాగి, అడుగు భాగాన్ని సమంగా అరగదీసి, మళ్ళీ గాడిలో పెడితే తీగలు దిగుతాయి. పైభాగం జోలికి పోకూడదు, దాని వంపు తీగల వరుసకు తగ్గట్టు చేసి ఉంటుంది. ఇదంతా నేను వీడియోల్లో చూసినదే. తీగ ఎంత ఎత్తుండాలన్న విషయంలో నలుగురు నిపుణులు నాలుగు సంఖ్యలు చెప్పారు. ముగ్గురు రెండున్నర మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉన్నారు. నాలుగోవాడు తన దగ్గర తీగలు కొనమన్నాడు. నేను రెండున్నర తీసుకున్నాను.

పని మొదలుపెట్టే ముందే ఒక ఉపద్రవం వచ్చిపడింది. గిటారు అమ్మినవాళ్ళ వివరాల్లో ఆ బద్ద "నిజమైన ఎముక"తో చేసినదని రాసి ఉంది. అది నేనే పైకి చదివాను. చదివి ఉండకూడదు. అత్తయ్య గిటారును ఒళ్ళోంచి దింపేసి చేతులు కడుక్కొచ్చారు. ఏ ఎముక, ఎవరి ఎముక, దాన్ని వ్రతం పీట దగ్గరికి తీసుకుపోవడమేమిటి అని ఒకటే గోల. వదినగారికి తెలిస్తే వాయించకముందే అటకెక్కిస్తుందని ఆవిడ భయం. ఆ భయానికి ఆధారం ఉంది.

ప్రకటనలో రాసిందల్లా నమ్మనక్కరలేదని చెప్పి, తీగలు వదులు చేసి, వాటిని పట్టి ఉంచే చిన్న మేకుల్లాంటి బిరడాలు తీసి, పటకారుతో బద్దను బయటికి లాగాను. సూదిని పొయ్యి మీద ఎర్రగా కాల్చి బద్ద అడుగున, ఎవరికీ కనిపించని మూల, తాకించాను. ఎముక అయితే వెంట్రుకలు కాలిన వాసన రావాలి. బకెట్టు కాలిన వాసన వచ్చింది. అత్తయ్య ముక్కు దగ్గర పెట్టుకుని రెండుసార్లు పీల్చి, "ప్లాస్టిక్కే. చల్లగా ఉండాలి వాళ్ళు," అని ఆ కంపెనీవాళ్ళను దీవించారు. కల్తీని మా ఇంట్లో అంత కృతజ్ఞతతో స్వీకరించడం నేను మొదటిసారి చూశాను.

తరువాత ఎంత అరగదీయాలన్న లెక్క. తీగ పన్నెండో మెట్టు దగ్గర ఒక మిల్లీమీటరు దిగాలి. పన్నెండో మెట్టు సరిగ్గా తీగ నడిమధ్యన ఉంటుంది. కనుక బద్దను ఒకటి కాదు, రెండు మిల్లీమీటర్లు తగ్గించాలి. దీన్ని వివరించడానికి కాగితం మీద సరూప త్రిభుజాలు గీస్తున్నాను. అత్తయ్య కళ్ళజోడు పెట్టుకోకుండానే అన్నారు, దండేనికి ఒక కొస జానెడు దించితే నడిమధ్యన ఆరేసిన చీర అర జానెడే కదా దిగేదని. ఏటేటా నలభై నిమిషాలు పట్టే నా పాఠం అక్కడితో అయిపోయింది. కాగితం మడిచేశాను.

బద్ద మొత్తం ఎత్తు తొమ్మిది మిల్లీమీటర్లు. ఏడు మిగలాలి. అడుగు నుంచి రెండు మిల్లీమీటర్ల దగ్గర సన్నని పెన్సిలుతో గీత గీశాను. చదునైన టైలు ముక్క మీద ఉప్పు కాగితం అంటించి, గురువారం సాయంత్రం నేనే రుద్దుతానని, అప్పటిదాకా ఎవరూ ముట్టుకోవద్దని చెప్పి, బద్దను అగ్గిపెట్టెలో పెట్టి కాలేజీకి వెళ్ళాను. ఆ గురువారం ప్రాక్టికల్సు పొడిగించారు. నేను ఇంటికి చేరేసరికి పని అయిపోయి ఉంది.

అత్తయ్య ఆగలేక, బద్దను అగ్గిపెట్టెతో సహా తీసుకుని, బజార్లో బంగారు పని చేసే ఆచారి గారి కొట్టుకు వెళ్ళారు. మా ఇంట్లో మంగళసూత్రాల నుంచి చెవి కమ్మల దాకా అన్నీ ఆయన చేతి మీదుగా వచ్చినవే. అక్కడ జరిగినదాన్ని అత్తయ్య ఒకసారీ, తరువాత ఆచారి గారు ఒకసారీ నాకు చెప్పారు. రెండు కథనాలూ అన్ని ముఖ్యాంశాల్లోనూ ఏకీభవిస్తున్నాయి, కాబట్టి నమ్మి రాస్తున్నాను.

ఆయన మొదట ప్లాస్టిక్కు ముక్కను చూసి నవ్వారట. పెన్సిలు గీతను చూశాక నవ్వు మానేసి, భూతద్దం కంటికి పెట్టుకుని, చదును ఆకురాయి తీసి, నిమిషానికొకసారి ఊదుకుంటూ గీత దాకా అరగదీశారు. వెంట్రుకవాసి తేడా లేకుండా వచ్చిందని ఇద్దరూ చెప్పారు. దీనికి డబ్బులేంటమ్మగారూ అని ఆయన ఏమీ పుచ్చుకోలేదు. కథ అక్కడ ముగిసి ఉంటే ఈ వ్యాసం రాయవలసిన పని ఉండేది కాదు.

అయితే అత్తయ్య జీవితంలో కొసరు లేకుండా ఏ కొట్టు నుంచీ బయటికి రాలేదు. అరకిలో టమాటాలు తూచాక మీద ఒక టమాటా పడాలి. మూర పూలు కొలిచాక ఇంకో నాలుగు వేళ్ళు సాగాలి. కరివేపాకు ఊరికే రావాలి. ఇది పిసినారితనం కాదు. కొసరు వేస్తేనే ఇచ్చినవాడు మనసారా ఇచ్చినట్టనీ, అడిగితేనే మనం మళ్ళీ వస్తామని వాడికి భరోసా అనీ ఆవిడ నమ్మకం. ఆ అలవాటు కొద్దీ గుమ్మం దిగబోతూ వెనక్కి తిరిగి అన్నారు:

"ఏమయ్యా ఆచారీ, కొసరు లేదా?"

ఆయన ఆకురాయి కింద పెట్టి ఆవిడ వంక చూశారట. ఈ పీట మీద ఇన్నేళ్ళుగా కూర్చున్నాను గానీ నన్ను కొసరడిగినవాళ్ళు లేరమ్మగారూ అన్నారట. బంగారంలో కొసరు ఎక్కడేస్తాం? కూరగాయల సాయిబు వేస్తాడు, పాలవాడు వేస్తాడు, ఊళ్ళో అందరూ చేతులు చాచి వేస్తారు. తను మాత్రం గురిగింజంత అటూ ఇటూ కాకుండా బతకాలి. పైగా, తీసుకున్నాడేమోనన్న అనుమానాలు. చెబుతున్నప్పుడు ఆయన కళ్ళు తడిసినట్టు అత్తయ్య చెప్పారు. ఆయన కథనంలో ఈ అంశం లేదు.

"ఇది బంగారం కాదుగా," అన్నారట అత్తయ్య.

ఆ మాటతో ఆయనకు జన్మలో దొరకని అవకాశం దొరికింది. బద్దను మళ్ళీ తీసుకుని, మనసారా, ధారాళంగా కొసరు వేశారు. అరగదీయడంలో కొసరంటే ఇంకాస్త అరగదీయడమే. పొడి కూడా వదల్లేదు. రాలినదంతా కుంచెతో ఊడ్చి, బంగారం పొట్లం కట్టే గులాబీ రంగు కాగితంలో మడిచి, తరుగు మీకే చెందాలి అని చేతిలో పెట్టారట.

శుక్రవారం సాయంత్రం బద్దను గాడిలో పెట్టి, తీగలు బిగించి, శ్రుతి చేసి అత్తయ్యకు అందించాను. ఆవిడ వేలు పన్నెండో మెట్టు మీద వెన్నలా దిగింది. మీటారు. రేకు డబ్బాలో జోరీగను పెట్టి మూత వేసినట్టు జుయ్యిమంది.

అత్తయ్య ఓటమిని ఒప్పుకునే మనిషి కాదు. తంబురా కూడా ఇలాగే జుమ్మంటుందనీ, దానికోసం తంబురావాళ్ళు తీగ కింద దారం పోగు కూడా పెడతారనీ అన్నారు. ఇది నిజమే, తరువాత సరిచూశాను. అయితే తంబురా మీద పాట వాయించరు. నేను మూడో మెట్టు, నాలుగో మెట్టు, ఐదో మెట్టు వరుసగా నొక్కి మీటమన్నాను. మూడు చోట్లా ఒకే స్వరం పలికింది. తీగ మరీ దిగిపోయి, మనం ఎక్కడ నొక్కినా ముందున్న ఒక ఎత్తైన మెట్టుకు తగులుతోంది. ఇక దాని మీద హారతి పాట అంటే మొదటి అక్షరాన్నే చివరి దాకా లాగడం.

బద్దను లాగి, మందం కొలవడానికి ల్యాబు నుంచి తెచ్చిన స్క్రూగేజిలో పెట్టాను. ఆరు మిల్లీమీటర్లు. ఏడుండాలి. గీత దాకా అరగదీస్తే ఏడే వస్తుంది, ఒకటి ఎక్కడికి పోయిందని అడిగాను. కొసరు సంగతి అప్పుడు బయటపడింది. గర్వంగానే మొదలుపెట్టారు. చెబుతూ చెబుతూ, నా ముఖం చూసి, గొంతు తగ్గించుకుంటూ వచ్చారు.

"కొసరంటే ఎక్కువ రావాలి కదత్తయ్యా. ఇక్కడ తక్కువైంది."

"నేనడిగింది నా నోటితోనే," అన్నారు. ఆచారి గారిని ఒక్క మాటా అననివ్వలేదు. లేచి గిటారు సంచి దులిపి, జిప్పు సరిచూసి, అటక మీద పాత సూట్‌కేసు పక్కకి జరిపితే చోటొస్తుందేమో చూడమని మా ఆయనతో అన్నారు. ఆయన నా వైపు చూశారు. నేను స్టూలు తేవద్దని సైగ చేశాను.

దిగినదాన్ని ఎత్తడం ఎలాగని ఆలోచిస్తుంటే, అత్తయ్య బీరువాలోంచి గులాబీ పొట్లం తెచ్చి నా ముందు విప్పారు. పొడి అంతా ఇందులోనే ఉంది, తిరిగి పెట్టలేమా అని. చిటికెడు తెల్ల పొడి. ఆ పొడిని చూస్తే నాకు నవ్వు రాలేదు. జిగురుతో కలిపి నింపేవాళ్ళు లేకపోలేదు గానీ, అది మిల్లీమీటరు ఎత్తున సమంగా నిలుస్తుందన్న హామీ లేదు. బద్ద అడుగున గట్టి కాగితం ముక్కలు పొరలుగా వేసి ఎత్తుచేయవచ్చని మాత్రం ఆ వీడియోల్లో ఇద్దరు చెప్పారు. నాలుగోవాడు వాళ్ళలో లేడు కనుక నమ్మాను.

మా ఇంట్లో గట్టి కాగితానికి కరువు లేదు. అత్తయ్య శుభలేఖలు పారేయరు. అవి దాచిన సంచీ బోర్లించి, ఒక్కొక్కటీ వేళ్ళ మధ్య నలిపి చూసి, కొన్ని పెళ్ళిళ్ళను అక్కడికక్కడే తిరస్కరించారు. చివరికి చందర్లపాడు వాళ్ళ కార్డు దగ్గర ఆగారు.

"పప్పులో ఉప్పు లేదు గానీ, కార్డు మాత్రం రేకులా వేయించారు."

స్క్రూగేజిలో ఆ కార్డు సుమారు మిల్లీమీటరులో మూడో వంతు. మూడు పొరలు కావాలి. నేను మధ్యలో కత్తిరించబోతే అత్తయ్య అడ్డుపడి, పసుపు రాసిన మూలలే కావాలన్నారు. శుభమట. శుభాన్ని కొలిచే పరికరం మా ల్యాబులో లేదు. పసుపు పేరుకున్న మూల మిగతా కార్డు కంటే మందంగా ఉంటుంది, సమంగానూ ఉండదు అని అభ్యంతరం చెప్పాను. అయితే కొలవమన్నారు. కొలిచాను. మందంగానే ఉంది, కానీ మూడు మూలలు ఒకదాని మీద ఒకటి పెడితే సరిగ్గా ఒక మిల్లీమీటరు వచ్చింది. మామూలు కాగితంతో అయితే వెంట్రుకంత తక్కువ పడేది. ఇది యాదృచ్ఛికం. యాదృచ్ఛికమని ఆ రోజు నుంచి చాలాసార్లు చెప్పాను.

శనివారం పొద్దున బద్ద అడుగున మూడు పొరలూ వేసి బిగిస్తే పన్నెండో మెట్టు మీద తీగ ఎత్తు రెండున్నర. జోరీగ ఎగిరిపోయింది. మూడు మెట్ల మీద మూడు స్వరాలు పలికాయి. అత్తయ్య భోజనానికి లేవకుండా వాయించారు. మా ఆయన దుకాణానికి గంట ముందే వెళ్ళిపోయారు.

ఆదివారం నందిగామలో అమ్మ ఇంటి హాలంతా బంధువులే. కథ అయిదు అధ్యాయాలూ పూర్తయ్యాయి. పంతులు గారికి తరువాత కంచికచర్లలో ఇంకో వ్రతం ఉంది, ఆ సంగతి అందరికీ రెండుసార్లు చెప్పారు. హారతి పళ్ళెం వెలిగింది. అమ్మ గొంతు సవరించుకుని అత్తయ్య వైపు చూసింది. అత్తయ్య పీట మీద కూర్చుని, కొంగు నడుముకు దోపుకుని, మెడ వంచి, వేళ్ళ మీద తప్ప ఎక్కడా చూపు నిలపకుండా మొదలుపెట్టారు.

పల్లవి నడిచింది. చరణం వచ్చింది. అమ్మ గొంతు పైకి ఎక్కింది. నేను అత్తయ్య ఉంగరం వేలినే చూస్తున్నాను. అది మెట్ల మీదుగా జారుకుంటూ పోయి పన్నెండో మెట్టు మీద వాలింది, నొక్కింది, పలికింది. ఆగలేదు. పలికింది సరైన స్వరమే. ఇది నా ఒక్కదాని సాక్ష్యం కాదు, అమ్మ కనుబొమలు కూడా లేచాయి. రెండో చరణం, మూడో చరణం. చివరి పల్లవి. అమ్మ పాట ముగించి చేతులు జోడించింది.

అత్తయ్య ఆగలేదు.

తల ఎత్తితే వేళ్ళు తప్పుతాయేమోనని ఆవిడ తల ఎత్తలేదు. ఎత్తకపోవడం వల్ల పాట అయిపోయిందని చూడలేదు. మళ్ళీ పల్లవి అందుకున్నారు. వాయిద్యం మోగుతుండగా హారతి దించడం ఎలాగో ఎవరికీ తోచలేదు. పళ్ళెం పట్టుకున్న మా పిన్ని ఇంకో కర్పూరం బిళ్ళ వేసింది. అమ్మ ఒక క్షణం తటపటాయించి, వియ్యపురాలిని ఒంటరిగా వాయించనివ్వడం మర్యాద కాదనుకుందేమో, మళ్ళీ గొంతు కలిపింది. రెండోసారి కూడా పాట పూర్తయింది. మూడోసారి మొదలైంది. పంతులు గారు నిలబడి వాచీ చూసుకుంటున్నారు. కర్పూరం అయిపోయి పిన్ని వంటింట్లోకి వెతకడానికి వెళ్ళింది. మూడో చరణం పైస్థాయిలో అమ్మ గొంతు జీరపోయింది. గిటారు ఆ స్వరాన్ని ఒంటరిగా, నిలకడగా అందుకుని కిందికి దిగింది.

అమ్మ వంగి అత్తయ్య భుజం మీద చెయ్యి వేసింది.

"వాయిద్యమే వదినగారూ. వాయిద్యమే. ఇక ఆపండి, పంతులు గారు వెళ్ళాలి."

అత్తయ్య ఆ వరుస పూర్తి చేసి, ఆఖరి స్వరాన్ని మోగనిచ్చి, అప్పుడు తల ఎత్తారు. ముఖమంతా చెమట. పిన్ని వెతికి తెచ్చిన కర్పూరం వెలిగాక అందరూ హారతి కళ్ళకద్దుకున్నారు, ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. అత్తయ్య మాత్రం తన వేళ్ళ కొసలు చూసుకుంటూ కూర్చున్నారు. గాట్లు లేవు.

జనం పలచబడ్డాక అమ్మ ఏమీ ఎరగనట్టు వచ్చి పక్కన కూర్చుని, గిటారు ఒళ్ళోకి తీసుకుంది. ఒక తీగను పన్నెండో మెట్టు మీద నొక్కి, మీటి, తల పంకించింది.

"ఇంత సుళువుగా ఉంటే ఎవరైనా వాయిస్తారు."

ఆ సుళువు కోసం ఎంత ఉప్పు, ఎన్ని మిరపకాయలు, ఎంత పొడి, ఎవరి పెళ్ళి ఖర్చయిందో చెబుదామని నేను ముందుకు వంగాను. అత్తయ్య నాకంటే ముందే అందుకున్నారు.

"అవునండీ, ఎవరైనా వాయించొచ్చు. వేలు అట్లా నిలువుగా కాదు, ఇదిగో ఇట్లా పెట్టండి."

అమ్మ వేలు మార్చుకుంది. స్వరం పలకలేదు. మళ్ళీ మార్చుకుంది. వీణ వేలికి గిటారు మెట్టు కుదరదని, కుదిరేదాకా లేవనని, అమ్మ కాళ్ళు మడిచి కూర్చుంది. అత్తయ్య ఆమె మణికట్టు పట్టుకుని సరిచేస్తున్నారు. వడ్డించడానికి చెప్పవలసిన ఇద్దరూ అక్కడే ఉండిపోవడం వల్ల ఆ రోజు భోజనాలు మూడు దాటాక మొదలయ్యాయి. సాంబారు చల్లారిపోయిందని తెలుసుకోవడానికి నాకు ఏ పరికరమూ అవసరం కాలేదు.